మీరడిగారు: రైలు కట్ట కబుర్లు

పోయిన సంచికలో పంటు (రేవులో నది దాటించే పడవ) ప్రయాణాల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైన రైళ్ల మీదే ఉన్నాయండీ. రేవు గురించి రాస్తే స్టేషన్ గురించి అడుగుతారేంటా అనుకున్నాను గానీ చదవగా చదవగా తెలిసింది, మన గోదావరి జిల్లాల్లో పాత స్టేషన్ కథ ఏది తీసినా ఎక్కడో ఒక చోట నీళ్ల దగ్గరికే వెళ్తుంది. అందుకని ఈసారి వంకాయ తెగుళ్లూ, పింఛను ప్రశ్నలూ అన్నీ పక్కనపెట్టి రైలు ఉత్తరాలే తీశాను. మొదటి దానికి జవాబు పొడుగు, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మా అత్తగారు 1945లో పుట్టారు, పుట్టిందీ మెట్టిందీ ఈ చుట్టుపక్కలే. అరవై ఏళ్లు దగ్గర పడేదాకా రామచంద్రపురంలో రైలు కూత వినలేదని ఒట్టేసి చెబుతారు. మా తాతయ్యగారేమో కుర్రతనంలో ఇక్కడే రైలెక్కి కాకినాడ చదువుకి వెళ్లానని చెప్పేవారు. పండగకి అందరం కలిస్తే చాలు ఇదే వాదన. ఎవరిది నిజం? (ఒక పాఠకురాలు, రామచంద్రపురం)

జవాబు: ఇద్దరిదీ నిజమేనమ్మా. మీ ఊరి మీదుగా వెళ్లే కాకినాడ–కోటిపల్లి లైను ఒకసారి వేసి, పీకేసి, మళ్లీ వేసిన లైను. మొదటిసారి 1928లో బ్రిటిష్ వాళ్ల కాలంలో వేశారు. పొడుగు సుమారు 45 కిలోమీటర్లు, కాకినాడలో బయల్దేరి వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వెళ్లి కోటిపల్లిలో గౌతమి గట్టు దగ్గర ఆగిపోతుంది. అది పన్నెండేళ్లే నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, యుద్ధానికి ఇనుము కావాలి, పట్టాలు కావాలి, అప్పట్లో దేశంలో చాలా చోట్ల చిన్న చిన్న బ్రాంచి లైన్లు ఊడదీసి ఆ సామానంతా యుద్ధం పనికి పంపించేశారు, అలా 1940లో మన లైనూ పోయింది. మళ్లీ రైలు నడిచింది 2004లో. అంటే మధ్యలో 64 ఏళ్లు. మీ తాతగారు చదువుకున్నది 1940కి ముందు, మీ అత్తగారు పుట్టింది పట్టాలు పోయిన ఐదేళ్లకి. లెక్క వేసుకోండి, ఇద్దరి మాటా అతికినట్టు సరిపోతుంది.

ఇది నేను కాగితాల మీద చదివి రాస్తున్నది కాదండీ, మా మామ్మది ద్రాక్షారామం దగ్గర ఊరు. పట్టాలు పీకేటప్పటికి ఆవిడకి పదేళ్లు. గునపాలేసుకుని కూలీలు వరసాగ్గా వచ్చారట, చెక్క స్లీపర్లకి పట్టాని పట్టి ఉంచే మేకుల్ని ఒక్కొక్కటే పెకలించుకుంటూ పోతుంటే పిల్లలందరూ కట్ట దిగువున చేలో నించుని చూసేవారట. ఆ మేకుల్ని డాగ్ స్పైకులంటారు, నలుపలకల ఇనుప మేకు, తల దగ్గర రెండు పక్కలా చిన్న చెవుల్లాంటివి ఉంటాయి, పీకడానికి గునపం అక్కడే దూరుస్తారు. అలాంటిది ఒకటి మా మామ్మగారింట్లో వంటింటి దూలానికి కొట్టి ఉండేది, దానికి లాంతరు తగిలించేవారు. ఎవరు తెచ్చారని అడిగితే మామ్మ మాట మార్చేసేది, కంపెనీ వాళ్ల సామాను కదా, డెబ్బై ఏళ్లయినా ఆ భయం పోలేదు పాపం. కరెంటొచ్చాక కూడా ఆ మేకు తియ్యలేదు, దానికి ఉల్లిపాయల బుట్ట వేలాడేది. ఆ మేకు ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది, ఇది రాస్తున్నప్పుడు కాగితాలు ఎగరకుండా అదే పెట్టాను.

పట్టాలు పోయినా కట్ట మిగిలింది. మా వైపు దాన్ని రైలు కట్ట అనే పిలిచేవారు, రైలంటే ఏంటో చూడని పిల్లలు కూడా. చేలో బురద ఉన్నప్పుడు జనం ఆ కట్ట మీంచే నడిచేవారు, పక్కన కట్ట కోసం మట్టి తవ్విన గుంటలుంటాయి కదా, వాటిల్లో వానాకాలం నీళ్లు నిండి కలువలు పూసేవి, కొర్రమట్టలు పట్టేవారు. నేను చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మామ్మ ఆ దారినే గుడికి తీసుకెళ్తూ ఇక్కడ రైలు ఆగేది, ఇక్కడ టికెట్లిచ్చేవారు అని చూపించేది. నాకు అక్కడ గడ్డి తప్ప ఏమీ కనపడేది కాదు, ఆవిడకి మాత్రం అన్నీ కనపడేవి.

అసలు ఈ లైను ఎందుకేశారని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, అది ఎక్కడ ఆగిందో చూడండి. కోటిపల్లిలో ఆగింది. కోటిపల్లి రేవులో పంటెక్కితే అవతల ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అమలాపురం, అంటే కోనసీమ అంతా ఆ రేవు గుండా కాకినాడకి తగులుకుంటుంది. ఒక పక్క డెల్టా ధాన్యం, కొబ్బరి, ఇంకో పక్క కాకినాడ ఓడరేవు, మధ్యలో పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి, చివర కోటిపల్లి సోమేశ్వరుడి గుడి, గోదావరి స్నానాలు, జనం వెళ్లని రోజంటూ ఉండదు.

రెండోసారి లైను రావడానికి గట్టిగా పట్టుబట్టినవారు జి.ఎం.సి. బాలయోగి గారు. అమలాపురం ఎంపీ, 1998 నుంచి లోక్‌సభ స్పీకర్. రైలు చూడకుండానే పోయారు, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో. ఆ రోజు గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలగలేదో మా తరం వాళ్లందరికీ గుర్తుంది. 2004లో లైను తెరిచాక కోటిపల్లి వెళ్లి వచ్చిన వాళ్లల్లో ఆయన పేరు తలవని పెద్దాళ్లని నేను చూళ్లేదు.

ఈ లైను మీద రైలు బస్సు నడిచేది, మీరూ ఎక్కే ఉంటారు, ఒకటే పెట్టె, చూడ్డానికి బస్సులా ఉండి పట్టాల మీద పోతుంది. మామ్మని తీసుకెళ్లి ఎక్కించాను. ఎక్కే ముందు అటూ ఇటూ చూసి "మిగతా పెట్టెలేవిరా?" అంది. చిన్నప్పుడు తను చూసిన బండికి పొగ ఇంజనూ, వెనకాల వరసగా పెట్టెలూ ఉండేవి కదా. కూచున్నాక మాత్రం కిటికీ వదల్లేదు, ద్రాక్షారామం గోపురం కనపడగానే చేతులెత్తి దణ్ణం పెట్టి ఇటే, ఇటే, ఈ పక్కనే మా చేను అని నా భుజం తట్టింది. 2020 మార్చిలో కరోనాకి దేశమంతా రైళ్లు ఆపేసినప్పుడు ఇదీ ఆగింది, అప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఆ 1940 మాటే.

కాబట్టి మీ ఇంట్లో వాదన ఆపెయ్యండమ్మా. వీలైతే మీ తాతగారు ఏ ఏడు ఏ క్లాసు చదివారో, టికెట్ ఎంత పెట్టి కొన్నారో, బండి ఎన్నింటికొచ్చేదో ఇంట్లో ఎవరికి గుర్తున్నా రాసి పెట్టండి, ఆ పన్నెండేళ్ల రైలెక్కిన వాళ్లు ఇప్పుడు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా ఉండరు.

ప్రశ్న: మా నాన్నగారు కొవ్వూరులో ఉండి రోజూ రైల్లో రాజమండ్రి వెళ్లి ఉద్యోగం చేశారు. ఎదురుగా కనపడే ఊరికి రైలెందుకు, సీజన్ టికెట్ ఎందుకు అని మా పిల్లలు నవ్వుతున్నారు. వాళ్లకేం చెప్పాలి? (ఒక పాఠకుడు, కొవ్వూరు)

జవాబు: నవ్వనివ్వండి, వాళ్లు పుట్టేటప్పటికే వంతెనలు వరసగా ఉన్నాయి కదా. వాళ్లని ఒకసారి గట్టు మీదకి తీసుకెళ్లి ఆ పాత వంతెన చూపించండి. హేవలాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో రైళ్లు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నర్ హేవలాక్ పేరు పెట్టారు. 56 ఖానాలు, పొడుగు 2.7 కిలోమీటర్ల పైన, నది అడుగున ఇసకలోకి బావుల్లాగా దింపి వాటి మీద రాతి స్తంభాలు లేపారు. అది రాక ముందు మద్రాసు వైపు నుంచి వచ్చిన వాళ్లు కొవ్వూరులో దిగి నది దాటి అవతల ఇంకో బండెక్కాల్సిందే. వరదొస్తే ఏ గట్టు వాళ్లు ఆ గట్టునే.

ఇక్కడ పిల్లలకి అర్థం కావాల్సింది ఏంటంటే ఆ వంతెన రైలుకే, మనుషులకీ బళ్లకీ కాదు. రాజమండ్రి దగ్గర రోడ్డు వంతెన వచ్చింది 1974లో, పైన రోడ్డు, కింద రైలు ఉన్నది. అంటే 74 ఏళ్ల పాటు కొవ్వూరు వాళ్లకి వంతెనంటే రైలే. కాలేజీకి, కోర్టుకి, ఆస్పత్రికి, పెళ్లి బట్టలకి, దేనికైనా సరే రైలెక్కాలి, లేకపోతే పడవెక్కాలి. పాసింజరు బండి కొవ్వూరు వదిలి వంతెనెక్కగానే లోపల మాటలు ఆగిపోయేవి, గడగడలాడే చప్పుడు ఒక్కటే, ఆడవాళ్లు కిటికీలోంచి చిల్లర డబ్బులు గోదాట్లోకి వేసేవారు, గోదావరి స్టేషన్లో సగం బండి ఖాళీ అయ్యేది, మిగతా సగం పెద్ద స్టేషన్లో. బొంబాయికి లోకల్ రైలు ఎలాగో కొవ్వూరుకి ఆ పాసింజరు అలాగ. చాగల్లు, పసివేదల వాళ్లకీ అంతే. నెల పాసు తీసుకుంటే ఎన్నిసార్లయినా తిరగొచ్చు కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లిన వాళ్లు కూడా ఉన్నారని మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పారు. మీ నాన్నగారి పాసు అట్టముక్క ఏదైనా దొరికితే పారెయ్యకండి.

హేవలాక్ మీద 1997లో రైళ్లు ఆపేశారు, అదే ఏడు పక్కనే 28 కమానుల వంతెన తయారైంది. ఇప్పుడు ఫోటోల్లో అందరూ తీసుకునేది ఆ కమానుల వంతెనే. నా ఓటు మాత్రం పాతదానికే.

ప్రశ్న: కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సీసీటీ అని, పోర్ట్ స్టేషన్ కోడ్ సీఓఏ అని ఉంటుంది. కాకినాడలో ఇంగ్లీషు కె ఉంటే కోడ్‌లో సి ఎందుకొచ్చింది? (డిగ్రీ విద్యార్థి, సామర్లకోట)

జవాబు: బ్రిటిష్ వాళ్లు కాకినాడని కోకనాడ అని సి తో రాసేవారు బాబూ. ఊరి పేరు మార్చి రాయడం మొదలైనా కోడ్‌లు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే టికెట్లు, వ్యాగన్ల చీటీలు, తంతి సందేశాలు అన్నీ ఆ అక్షరాల మీదే నడిచేవి, ఒకటి మారిస్తే దేశమంతా మార్చాలి. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయినా కోడ్ ఆర్‌జేవై గానే ఉంది చూడండి. మీ సామర్లకోట కోడ్ ఎస్‌ఎల్‌ఓ.

ప్రశ్న: చిన్నప్పుడు నర్సాపురం బండిలో వెళ్తుంటే స్టేషన్ చివర ఒకాయన పెద్ద బెత్తం చక్రం ఎత్తి పట్టుకునేవాడు, ఇంజన్లోంచి చెయ్యి చాపి లాక్కునేవారు. అదేంటి? ఇప్పుడు ఎందుకు కనపడదు? (ఒక గృహిణి, పాలకొల్లు)

జవాబు: అబ్బ, ఎంత మంచి సంగతి గుర్తు చేశారండీ. దాన్ని టోకెన్ అంటారు. రాకపోకలకి ఒకటే లైను ఉన్న చోట రెండు బళ్లు ఎదురెదురుగా రాకుండా కట్టిన ఏర్పాటది. నా స్కూలు స్నేహితుడి నాన్నగారు మీ వైపే చిన్న స్టేషన్లో స్టేషన్ మాస్టర్ చేసేవారు, సెలవుల్లో వాళ్ల క్వార్టర్‌కి వెళ్తే నేను ఆ గదిలోనే కూచునేవాణ్ణి.

గదిలో ఎర్ర రంగు ఇనుప పెట్టెలు రెండుండేవి, ఒకటి ఈ పక్క స్టేషన్‌కి, ఒకటి ఆ పక్క స్టేషన్‌కి. ప్రతి పెట్టెలో చిన్న బత్తాయంత ఉక్కు బంతులు, వాటి మీద ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కో అక్షరాలు చెక్కి ఉంటాయి. బండి పంపాలంటే మాస్టారు ముందు గంట కొట్టి పక్క స్టేషన్ని అడగాలి, వాళ్లు సరేనని వాళ్ల పెట్టె దగ్గర మీట నొక్కితేనే ఇక్కడ బంతి బయటికొస్తుంది. ఒకటి బయటికొచ్చాక అది అవతల పెట్టెలోకి చేరేదాకా, లేదా వెనక్కి ఇదే పెట్టెలో పడేదాకా రెండు చోట్లా ఇంకో బంతి రాదు, కరెంటుతో కలిపి అలా తాళం వేసి ఉంటుంది. ఆ బంతి చేతిలో లేకుండా డ్రైవర్ బండి కదపకూడదు. బంతి ఒక్కటే అయితే పరిగెత్తే ఇంజన్లోంచి అందుకోలేరు కదా, అందుకని తోలు సంచిలో పెట్టి ఆ సంచిని బెత్తం చక్రానికి కట్టేవారు. పాత టోకెన్ విసిరేసి, కొత్తది భుజం దాకా చెయ్యి దూర్చి అందుకోవడం. మాస్టారు ఒకసారి నా చేతిలో బంతి పెట్టారు, చల్లగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. "ఇది నీ దగ్గరుంటే ఆ బండిలో వాళ్లందరూ నీ దగ్గరున్నట్టే" అన్నారు. నేను భయపడి వెంటనే ఇచ్చేశాను.

ఇప్పుడు కనపడకపోవడానికి కారణం సులువే, విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నర్సాపురం దాకా, అటు నిడదవోలు దాకా డబుల్ లైను, కరెంటు లైను వేసేశారు. రెండు లైన్లున్నప్పుడు వెళ్లేవి ఒక దాని మీద, వచ్చేవి ఒక దాని మీద, ఇక టోకెన్‌తో పని లేదు. ప్రయాణం బాగుపడింది, సంతోషమే. ఆ ఎర్ర పెట్టె ఒకటైనా భీమవరం స్టేషన్లో అద్దాల బీరువాలో పెట్టి పిల్లలకి చూపిస్తే బాగుంటుందని నా కోరిక.

ప్రశ్న: స్టేషన్ పేరు బోర్డు మీద సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని ఎందుకు రాస్తారు? మా సార్ డ్రైవర్ కోసం అన్నారు. (ఎనిమిదో తరగతి విద్యార్థిని, అనపర్తి)

జవాబు: డ్రైవర్‌కి కావాల్సింది ముందున్న దారి ఎక్కుడో దిగుడో, దానికి పట్టాల పక్కన వేరే చిన్న రాళ్లు, పలకలు ఉంటాయి తల్లీ, ఇన్ని మీటర్లకి ఒక మీటరు ఎక్కుడు అని వాటి మీద రాసి ఉంటుంది. బోర్డు మీద ఎత్తు ఇంజనీర్ల సంగతి. లైను వేసేటప్పుడు ప్రతి చోటా ఎత్తు కొలుస్తారు, ఎక్కడ మట్టి పొయ్యాలి, ఎక్కడ తవ్వాలి, తూము ఎంత ఎత్తులో కట్టాలి అన్నీ దాన్ని బట్టే. సముద్రం నీళ్లు పొద్దున్నొకలా సాయంత్రమొకలా ఉంటాయి కాబట్టి తీరం వెంట తొమ్మిది చోట్ల ఏళ్ల తరబడి ఆటుపోట్లు కొలిచి సగటు తీసి 1909లో దేశం మొత్తానికి లెక్క స్థిరపరిచారు, వాటిల్లో మన విశాఖపట్నం కూడా ఒకటి. డెల్టాలో ఆ అంకె చిన్నది, కొన్ని మీటర్లే. వరదొచ్చినప్పుడు ఊరంతా మునిగి రైలు కట్ట మాత్రం ఎందుకు తేలి ఉంటుందో ఆ అంకె చూస్తే తెలుస్తుంది, ఈసారి స్టేషన్‌కి వెళ్తే చదివి నాకు రాయి.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్లు అన్ని చోట్లా రైలు వేసి కోనసీమకి ఎందుకు వెయ్యలేదు? మా మీద ఏమైనా కోపమా? (ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అమలాపురం)

జవాబు: కోపం కాదు మాస్టారూ, కోనసీమకి వాళ్ల లెక్కలో అప్పటికే దారులున్నాయి, అవి నీటి దారులు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి కోనసీమకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి కాలవలు తీశారు. కాటన్ దొర ఆ కాలవల్ని తడి కోసమే కాదు, పడవల కోసం కూడా తవ్వించాడు, లాకులు కట్టించింది అందుకే. ఆయన రైళ్లకి ఎదురు వాదించిన మనిషి, బరువు సామాను నీళ్ల మీద చవగ్గా పోతుంటే రైళ్ల మీద అంత డబ్బెందుకు తగలేస్తారని పార్లమెంటు కమిటీ ముందు కూడా చెప్పాడు. గూటి పడవెక్కితే కాకినాడ నుంచి ఏలూరు కాలవ, ఆపైన కృష్ణ కాలవలు, బకింగ్‌హామ్ కాలవ మీదుగా మద్రాసు దాకా పోవచ్చు. మా తాతయ్య వాళ్లు పెళ్లికి రెండు పడవల్లో వెళ్లారని, లాకుల దగ్గర నీళ్లు నిండేదాకా ఆగి అక్కడే వంటలు చేసుకున్నారని మామ్మ చెప్పేది.

రెండో కారణం ఖర్చు. ఒక్క రాజమండ్రి దగ్గర వంతెనకే మూడేళ్లు పట్టింది. కోనసీమని తూర్పు నుంచి పడమరకి దాటాలంటే గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. అందుకే తూర్పు నుంచి వచ్చిన లైను కోటిపల్లిలో ఆగింది, పడమర నుంచి వచ్చింది నర్సాపురంలో ఆగింది. ఆ రెండు చివర్లూ కలపాలన్నదే కోటిపల్లి–నర్సాపురం లైను, సుమారు 57 కిలోమీటర్లు, 2000–01లో మంజూరైంది, మీ అమలాపురం మీదుగానే వెళ్తుంది. పంట్లో కూచుని తలెత్తితే గౌతమిలో రైలు వంతెన స్తంభాలు కనపడతాయి.

ఇది పూర్తవ్వాలని నేను గట్టిగా కోరుకునేవాణ్ణి. రాత్రిపూట పురుటి నొప్పులొచ్చిన మనిషిని రేవు దగ్గర పంటు కోసం కూచోబెట్టుకున్న కుటుంబాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. యానాం–ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరు మీద రోడ్డు వంతెన వచ్చాక ఆ కష్టం కొంత తగ్గింది, రైలొస్తే కాకినాడలో చదువుకునే, పని చేసుకునే పిల్లలు రోజూ వెళ్లి రావచ్చు, అక్కడ గది అద్దె కట్టక్కర్లేదు.

ప్రశ్న: మా స్కూలు పిల్లలతో మా ఊరి స్టేషన్ చరిత్ర రాయిద్దామనుకుంటున్నాం. స్టేషన్లో అడిగితే పాత కాగితాలు లేవన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక టీచర్, బిక్కవోలు)

జవాబు: చాలా మంచి పని మేడం. కాగితాలు లేవని ఆగకండి, ఇనుము మీద రాసి ఉంటుంది. పట్టా పక్క భాగం మీద దాన్ని తయారు చేసిన కంపెనీ పేరు, ఏడాది ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. నడిచే పట్టాల దగ్గరికి పిల్లల్ని పొరపాటున కూడా పంపకండి, అవసరం లేదు కూడా, పనికిరాని పాత పట్టా ముక్కల్ని స్టేషన్ కంచె స్తంభాలుగా, రేకుల షెడ్డు గుంజలుగా పాతడం పాత అలవాటు, ముందు వాటిని చూడండి. అది ఆ స్టేషన్ కట్టిన ఏడాది అని వెంటనే రాసెయ్యకూడదు, పట్టా వేరే చోట వాడి తెచ్చింది అయ్యుండొచ్చు, కానీ ఆ గుంజ అంతకన్నా ముందు పాతింది కాదని మాత్రం ఖాయం.

రెండోది, సామాను మీద పొడి అక్షరాలు. మన మెయిన్ లైను 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో వేశారు, 1901లో ఈ వైపు ముక్క మద్రాస్ రైల్వేకి ఇచ్చారు, 1908 నుంచి అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951లో సదరన్ రైల్వే, 1966 అక్టోబర్ 2న సౌత్ సెంట్రల్ రైల్వే అయింది. కాబట్టి బెంచీ మీదో గంట మీదో ఎం అండ్ ఎస్ఎం అని కనపడితే అది 1908కీ 1951కీ మధ్యది, పిల్లలు ఎగిరి గంతేస్తారు.

మూడోది మనుషులు. పదేళ్లూ ఇరవయ్యేళ్లూ సీజన్ టికెట్ మీద తిరిగిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, పాల క్యాన్లు కిటికీకి కట్టుకుని వెళ్లిన వాళ్లు, కడియం పూల బుట్టలతో ఎక్కిన వాళ్లు, ద్వారపూడిలో బట్టలు కొని మూటలతో దిగిన వాళ్లు. వాళ్లని స్టేషన్ చరిత్ర చెప్పండి అని అడిగితే మాకేం తెలుసమ్మా అంటారు. అలా అడగొద్దు. మీరెక్కే పెట్టె ఏది, మీ పక్కన ఎవరు కూచునేవారు, బండి తప్పిపోయిన రోజు ఇంటికెలా వచ్చారు అని అడగాలి, అప్పుడు ఇక ఆగరు. అట్టముక్క టికెట్లు, తేదీ మెషీన్లో పెట్టి టక్కున కొట్టినవి, పాత పుస్తకాల మధ్య దొరుకుతాయేమో వెతకమనండి.

కంచె గుంజల దగ్గరికి మాత్రం పొద్దున్న ఏడింటికి తీసుకెళ్లండి, స్టేషన్ మాస్టర్ గారికి ముందు చెప్పి. ఎండ వాలుగా పడుతున్నప్పుడే ఆ అక్షరాలు నీడతో కనపడతాయి. తుప్పు మీద సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలకే సుద్ద అంటుకుంటుంది. మొదట ఒక అంకె వస్తుంది, తరవాత పక్కది. మా వేళంగి మేనల్లుడు అలా రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఒకటి, తొమ్మిది అని గట్టిగా చదివి మూడో అంకె దగ్గర ఆగి, చేత్తో తుడిచి, మళ్లీ సుద్ద పట్టాడు.